పాఖాల మత్తడి నుంచి లేజర్ దాకా: నీటి సుడిని మనిషి ఎట్ల పట్టుకున్నాడు?

నర్సంపేట వాళ్లకు పాఖాల చెరువు గురించి చెప్పాల్సిన పని లేదు. 1213 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువది. ఇట్లాంటి చెరువు మత్తడి పోస్తున్నప్పుడు గమనించండి, నీళ్లు ఒక్క తీరుగ ఉండవు. ఓ సుడి పుడుతుంది, రెప్పపాటులో విరిగిపోతుంది, పక్కనే ఇంకోటి లేస్తుంది. కట్ట కింద మట్టిని కోసేదీ, వంతెన పునాదిని తోడేసేదీ ఇవే. సగటు వేగం లెక్కగడితే ఇవి కనబడవు. మరి ఎట్ల చూడాలి?

1883లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ ఒక పని చేశాడు. గాజు గొట్టంలో పారే నీళ్లలోకి సన్నటి రంగు ధార వదిలాడు. వేగం తక్కువున్నప్పుడు అది దారం లెక్క తిన్నగా సాగింది. వేగం పెంచితే చెదిరిపోయి నీళ్లన్నీ రంగైపోయాయి. ఆ చెదిరిన రంగునే విద్యుత్ స్పార్క్ వెలుగులో చూస్తే, లోపల సుడులు విడివిడిగా కనిపించాయి! అంటే కిటుకు అప్పుడే దొరికింది: వెలుగు క్షణకాలమే ఉండాలి.

1904లో జర్మనీ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంటల్, చేత్తో తిప్పే నీటి కాలువలో మెరిసే ఖనిజపు పొడి కలిపి ఫొటోలు తీశాడు. ప్రవాహం ఆకారం దొరికింది. కానీ ప్రతి చోటా వేగం ఎంత? అది తేలలేదు.

1960లో థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. 1980లలో దాన్ని నీటి పరిశోధనకు వాడుతూ, 1984లో ‘పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీ’ అని పేరు పెట్టారు. పద్ధతి సింపులే. నీళ్లలో కంటికి ఆనని గాజు పూసలు కలుపుతారు. లేజర్‌ను కాగితంలా పల్చగా పరిచి, వెంటవెంటనే రెండుసార్లు మెరిపిస్తారు, రెండు ఫొటోలు తీస్తారు. పూస వెయ్యోవంతు సెకనులో అర మిల్లీమీటరు జరిగితే, వేగం సెకనుకు అర మీటరు. అంతే!

మొదట్లో ఇదంతా ఫిల్ముతోనే. డిజిటల్ కెమెరాలొచ్చాక కంప్యూటరే లెక్కేస్తోంది. మీ ఫోన్ స్లోమోషన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తే, ల్యాబ్ కెమెరా వేలల్లో తీస్తుంది. అందుకే సుడి పుట్టుక నుంచి చావు దాకా మొత్తం దొరుకుతుంది.

ఎవరికి లాభమంటారా? కృత్రిమ గుండె కవాటం దగ్గర నెత్తురు సుడి తిరిగితే గడ్డకట్టే ప్రమాదముంది. మనిషికి అమర్చకముందే ల్యాబ్‌లో దాన్ని ఇట్లనే పరీక్షిస్తారు. క్షణంలో మాయమయ్యే సుడి మీద ఒక ప్రాణం ఆధారపడొచ్చు.