కరెంటు పోతే నిద్రలో ఉన్న కంప్యూటర్ ఏమవుతుంది?

గండికోటకు అట్టే దూరం లేని ఎర్రగుంట్ల దగ్గర 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు ఉంది. అయితేనేం, కరెంటు ఎక్కడ తయారైనా ఇంటికి వచ్చేది తీగల మీదనే కదా. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలివాన లేస్తే జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్లలో ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇంట్లో డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు స్లీప్, హైబర్నేట్ మధ్య తేడా తెలుసుకోవాల్సింది అందుకే.

స్లీప్‌లో పెడితే స్క్రీన్, ప్రాసెసర్, హార్డ్ డిస్క్ ఆగిపోతాయి. తెరిచి ఉంచిన పని మాత్రం ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామ్‌కు కరెంటు అందినంతసేపే దాని జ్ఞాపకం. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి గండం తప్పుతుంది, డెస్క్‌టాప్‌కు అది లేదు. ఉర్దూ, తెలుగు రెండు లిపుల్లో షాదీ కార్డు టైపు చేస్తూ, సేవ్ చేయకుండా స్లీప్‌లో పెట్టి భోజనానికి లేచారనుకోండి. ఆ మధ్యలో కరెంటు పోతే రెండు గంటల శ్రమ పోయినట్టే.

హైబర్నేట్ అలా కాదు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద ఒక ఫైలుగా రాసేసి, మెషిన్ పూర్తిగా ఆగిపోతుంది. ప్లగ్ పీకేసినా పని పోదు. ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి ఇదే మేలు. తిరిగి తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, డిస్క్‌లో కొన్ని జీబీల చోటు పోతుంది, అంతే.

ఈ రెండూ కలిసిందే హైబ్రిడ్ స్లీప్. 2007లో విండోస్ విస్టాతో వచ్చింది, డెస్క్‌టాప్‌ల కోసమే అనుకోవచ్చు. పని ర్యామ్‌లోనూ ఉంటుంది, డిస్క్‌లోనూ ఉంటుంది. కరెంటు ఉంటే వెంటనే లేస్తుంది. పోయి వస్తే పవర్ బటన్ నొక్కాలి, డిస్క్ నుంచి తిరిగి వస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అక్కడ స్లీప్ కింద 'అలౌ హైబ్రిడ్ స్లీప్' ఆన్ చేసుకోవాలి. కొన్ని కొత్త మెషిన్లలో ఇది కనబడదు. అప్పుడు 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' పేజీలో హైబర్నేట్‌కు టిక్ పెడితే స్టార్ట్ మెనూలోకి వస్తుంది.

ఇక బిల్లు సంగతి. స్క్రీన్‌తో కలిపి ఖాళీగా నడిచే డెస్క్‌టాప్ 60 వాట్లు తింటుందనుకుంటే, రాత్రి 8 గంటలకు దాదాపు అర యూనిట్, నెలకు 14 యూనిట్ల పైమాటే. స్లీప్‌లో 3 వాట్లు అనుకున్నా నెలకు ఒక యూనిట్ కూడా దాటదు. అంటే పొదుపు కోసమైతే స్లీప్ చాలు. హైబర్నేట్ కావాల్సింది పని కాపాడుకోవడానికే.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలోనూ ఒక చిక్కుంది. కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకోవడానికి పట్టే ఆ క్షణం ఫ్యాన్‌కు ఏమీ కాదు గానీ, కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవ్వొచ్చు. చాలా ఇన్వర్టర్లకు వెనుకవైపు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, దాన్ని అటు తిప్పి పెట్టుకోవాలి. విడిగా యూపీఎస్ ఉండి, దానికి యూఎస్‌బీ తీగ ఉంటే కంప్యూటర్‌కు కలపడం మంచిది. యూపీఎస్ బ్యాటరీ తగ్గినప్పుడు దానంతటదే హైబర్నేట్ అయ్యేలా పవర్ ఆప్షన్స్‌లో పెట్టుకోవచ్చు.

స్లీప్‌లో పెట్టిన మెషిన్ రాత్రిపూట ఊరికే లేస్తోందంటే ఎక్కువసార్లు మౌసే కారణం. బల్ల కదిలినా చాలు. డివైస్ మేనేజర్‌లో మౌస్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో 'అలౌ దిస్ డివైస్ టు వేక్ ద కంప్యూటర్' టిక్ తీసేయాలి. కీబోర్డుకు ఉంచండి, లేపడానికి ఒకటి కావాలి కదా. పెద్ద ఫైలేదైనా డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవాళ్లు మాత్రం ఆ రాత్రికి స్లీప్ టైమర్‌ను 'నెవర్'కు మార్చాలి. స్లీప్‌లో డౌన్‌లోడ్ ఆగిపోతుంది. స్క్రీన్ ఒక్కటి ఆపేస్తే చాలు.