ఇనప మావయ్యకి కత్తి

మా ఇంట్లో మెట్ల పక్కన ఒక ఇనప మనిషి నిలబడి ఉంటాడు. ఓ పాత హోటల్ మూసేస్తూ సామాన్లు అమ్మేస్తుంటే మావారు ముచ్చటపడి తెచ్చిన నకలు కవచం అది. తల నుంచి పాదాల దాకా ఉక్కు రేకులే. మొదట్లో రాత్రిపూట మంచినీళ్లకి లేచి, దాన్ని చూసి రెండుసార్లు కెవ్వుమన్నాను. పిల్లలు 'ఇనప మావయ్య' అని పేరు పెట్టాక భయం పోయింది. ఇప్పుడైతే ఆయన భుజం మీద నా చున్నీ, వేలికి కారు తాళాలు వేలాడుతుంటాయి.

లోటల్లా ఒక్కటే. కుడిచెయ్యి ఏదో పట్టుకున్నట్టు వంగి ఉంటుంది గానీ అందులో ఏమీ లేదు.

మా చిన్నవాడికి పదిహేనేళ్లు. పుట్టినరోజులకి వచ్చిన డబ్బు దాచుకుని, మావయ్యకి కత్తి కొంటానని పట్టుబట్టాడు. మేముండేది ఇంగ్లండులో. ఇక్కడ 18 ఏళ్లు నిండనివాళ్లకి కత్తులు అమ్మకూడదు. అంటే డబ్బు వాడిది, కొనాల్సింది నేను. నాకు ససేమిరా ఇష్టం లేదు. కుర్రాళ్లు జేబుల్లో చాకులు పెట్టుకు తిరగడం, ఎవరో ఒక తల్లికి కడుపుకోత మిగలడం ఇక్కడి వార్తల్లో చూస్తూనే ఉంటాం. ఎదిగే మగపిల్లాడున్న ఇంట్లోకి నా చేత్తో నేనే కత్తి తేవడమా?

"అమ్మా, అది బొమ్మే కదా!"

"బొమ్మైతే ప్లాస్టిక్‌ది కొనుక్కో."

రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. చివరికి మావారే అన్నారు, "ఏ కత్తి కావాలో, అదే ఎందుకో వాణ్ణే చెప్పమను. చెప్పగలిగితే అప్పుడు చూద్దాం" అని. సరేనన్నాను. కానీ వాడు చెప్పేది సరో కాదో తెలియాలంటే నేనూ చదవాలిగా! అలా వంటిల్లు సర్దుకున్నాక నా మధ్యాహ్నాలు కత్తులతో గడిచాయి.

వాడు మొదట చూపించింది దాదాపు నా ఎత్తున్న రెండు చేతుల కత్తి. పిడికి అటూ ఇటూ సింహం తలలు. "ఇది మావయ్యకి ఎలా సరిపోతుందిరా? ముందు ఆయన వయసెంతో తెలుసుకో" అన్నాను. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఈడు అడగమూ?

మా ఊరు లీడ్స్. రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియం ఇక్కడే ఉంది. 1996లో తెరిచారు, టిక్కెట్టు లేదు. ఫోన్‌లో మావయ్య ఫోటో పెట్టుకుని, ఒక ఆదివారం ఇద్దరం అద్దాల వెనకున్న కవచాలతో పోల్చుకుంటూ తిరిగాం. మావయ్య రొమ్ము రేకు మీద విసనకర్ర విప్పినట్టు గీతలుంటాయి. నడుము సన్నం, పాదాలు మొనదేలి ఉంటాయి. దీన్ని జర్మనీ గోథిక్ పద్ధతి అంటారట. అంటే సుమారు 1480 నాటి వేషం. అదే కాలంలో ఇటలీలోని మిలాన్ కవచాలు నున్నగా, గుండ్రంగా ఉండేవి. ఆ గీతలు సోకు కోసమే అనుకున్నాను. కాదు. షెడ్ల మీద వేసే ముడతల రేకు చూశాం కదా, పల్చగా ఉన్నా తొందరగా వంగదు. ఇదీ అంతే.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. సినిమాల్లో చూపించినట్టు, ఇది వేసుకున్నవాడు కింద పడితే లేవలేడన్నది ఉత్తమాట. యుద్ధానికి వేసుకునే నిలువెత్తు కవచం 20 నుంచి 25 కిలోలు. ఆ బరువు ఒళ్లంతా సర్దుకుంటుంది కాబట్టి పరిగెత్తగలరు, గుర్రం ఎక్కగలరు.

ఈడు తెలిసింది కాబట్టి ఇక కత్తి సంగతి. మధ్యయుగపు కత్తులని వరసగా రకాలు కట్టిన పెద్దమనిషి యూవర్ట్ ఓక్‌షాట్. 1960లో వచ్చిన ఆయన పుస్తకం తర్వాత, వాటిని 10వ రకం నుంచి 22వ రకం దాకా అంకెలతో పిలవడం అలవాటైంది. ఆ అంకెలన్నీ గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాలేదు. నాకు అర్థమైనట్టు చెప్తాను.

11వ శతాబ్దంలో యోధులు వేసుకున్నది గొలుసు కవచం. చిన్న చిన్న ఇనప ఉంగరాలు, ఒక్కోటీ పక్కనున్న నాలుగింటితో అల్లి, రివెట్ కొట్టేవారు. లోపల బొంతలా దూది కుట్టిన చొక్కా. కవచం లేనిచోట తెగ్గొట్టడానికి అప్పటి కత్తి వెడల్పుగా, పల్చగా, నడుమ గాడితో ఉండేది. మన కత్తిపీట లాంటిదన్నమాట. 14వ శతాబ్దం వచ్చేసరికి మోకాళ్లకి, మోచేతులకి, రొమ్ముకి రేకులు వచ్చి చేరాయి. 15వ శతాబ్దం మొదట్లో ఒళ్లంతా రేకులే. ఉక్కు రేకుని కత్తిపీటతో కొయ్యలేం కదా! అందుకే కత్తి ఆకారం మారింది. పిడి దగ్గర వెడల్పుగా మొదలై, పోనుపోను సన్నబడి, సూదిమొన అయింది. మధ్యలో గాడి పోయి, వంగకుండా వెన్నుగట్టు వచ్చింది. ఇది ఓక్‌షాట్ లెక్కలో 15వ రకం. గోనెసంచులు కుట్టే దబ్బనం గుర్తు తెచ్చుకోండి. దీని పని కొయ్యడం కాదు, సందు చూసి దిగడం. చంకలో, మోకాలి వెనక, శిరస్త్రాణంలో కళ్ల దగ్గర. ఎడంచేత్తో కత్తి నడిమిని పట్టుకుని, పొట్టి బల్లెంలా పొడిచే విద్యని ఇటలీ గురువు ఫియోరే దెయ్ లిబెరి 15వ శతాబ్దం మొదట్లోనే బొమ్మలు వేయించి మరీ చెప్పాడు.

వాడి సింహాల కత్తి అక్కడే తేలిపోయింది. అంత పెద్దవి ఎక్కువగా 16వ శతాబ్దంలో కిరాయికి పోరాడే కాలిబంట్లవి. మావయ్య కాలానివీ కావు, ఆయన అంతస్తువీ కావు.

"అయితే సరిగ్గా 1480 కత్తే వెతకాలా?" అన్నాడు నీరసంగా.

అప్పుడు నాకు జోన్ ఆఫ్ ఆర్క్ కనిపించింది. 1429లో ఆ పల్లెటూరి పిల్లకి పదిహేడేళ్లు ఉంటాయేమో. ఫ్రాన్సులోని తూర్ నగరంలో ఆమె ఒంటికి సరిపడా కొత్త కవచం చేయించారు. రాజుగారి ఖజానా లెక్కల్లో దానికి 100 లివ్రలు రాసి ఉన్నాయి. కత్తి మాత్రం కొత్తది కాదు. సెంట్ కాతరీన్ ద ఫియెర్‌బువా అనే ఊరి గుడిలో, పీఠం దగ్గర భూమిలో ఒక పాత కత్తి ఉందని కబురంపి తెప్పించుకుంది. తుప్పు పట్టి ఉంది, మీద ఐదు శిలువ గుర్తులు. తుడిస్తే తుప్పు ఇట్టే రాలిపోయిందని తర్వాత విచారణలో తనే చెప్పింది. కొత్త కవచం, పాత కత్తి. మనం కొత్త పట్టుచీర మీద అమ్మమ్మ కాసులపేరు వేసుకోమూ? అలాంటిదే. మంచి కత్తిని ఆ రోజుల్లో పారేసేవారు కాదు, పిడి మార్చుకుని వాడేవారు. కాబట్టి తాత కత్తి మనవడు పట్టొచ్చు. మనవడి కత్తి మాత్రం తాత చేతిలో పెట్టకూడదు. కవచం కన్నా కత్తి ఓ తరం పాతదైనా ఫరవాలేదు, కొత్తదైతేనే అబద్ధం.

ఆ విచారణలోనే జోన్ ఇంకో మాట చెప్పింది. కత్తి కన్నా తన జెండా అంటే నలభై రెట్లు ఇష్టమట. ఎవరినీ చంపాల్సి రాకూడదనే యుద్ధంలో జెండా తనే పట్టుకునేదట. 1431లో ఆమెని రువాన్‌లో సజీవంగా కాల్చేశారు. చదువుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాడూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అంతటితో ఒప్పేసుకోలేదు నేను. మా ఊరికి తూర్పున, కారులో అరగంట దూరంలో టౌటన్ ఉంది. 1461 మార్చి 29న, మట్టల ఆదివారం నాడు, మంచు కురుస్తుండగా యార్క్, లాంకస్టర్ వంశాలవాళ్లు అక్కడ ఒకర్నొకరు నరుక్కున్నారు. 1996లో ఓ ఇంటి పనికి తవ్వుతుంటే 30 మందికి పైగా సైనికుల ఎముకలు ఒకే గోతిలో బయటపడ్డాయి. దెబ్బలన్నీ ఎక్కువగా తలల మీదే. వాళ్లలో ఇరవై నిండనివాళ్లూ ఉన్నారని ఎముకలు పరీక్షించినవాళ్లు తేల్చారు. మూడో రిచర్డ్ రాజు 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన ఎముకలు 2012లో లెస్టర్‌లో ఓ కార్ పార్కింగు కింద దొరికితే, పుర్రె మీదే 9 గాయాలు. శిరస్త్రాణం ఊడిపోయి ఉండాలన్నారు. అంటే మా మావయ్య లాంటి కవచమే వేసుకున్న రాజు!

టౌటన్ పొలాల్లో గాలికి వణుకుతూ నిలబడి వాడికి ఇదంతా చెప్పాను. "మ్యూజియంలో అందంగా ఉంటాయి నాన్నా. చేసింది మాత్రం ఇందుకే." వాడు తల ఊపాడు. దారిలో, "ఆ గోతిలో వాళ్లకి మావయ్య లాంటి కవచాలు ఉండవు కదమ్మా, డబ్బుండాలిగా" అన్నాడు. ఆ మాట విన్నాకే నేను మెత్తబడ్డాను.

కొనేటప్పుడు నేను చూసినవి మూడే. ఒకటి, బరువు. అసలు ఒంటిచేతి కత్తులు కిలో నుంచి కిలోన్నర లోపే, మన ఐదు లీటర్ల కుక్కరు కన్నా తేలిక. అలంకారానికి చేసే నకళ్లు చాలావరకు రెండు కిలోలు దాటతాయి. రెండు, పిడి లోపలి తోక. కత్తిలోని ఉక్కే వెడల్పుగా పిడి చివరిదాకా వెళ్లాలి. సన్నటి కమ్మి అతికించినవైతే, ఊపితే విరిగి ఎగిరొస్తాయి. గోడకి తగిలించడానికే పనికొస్తాయి. మూడు, పదును ఉండకూడదు, మొన గుండ్రంగా ఉండాలి. ఇది మాత్రం చరిత్ర కాదు, అమ్మ షరతు.

చివరికి వాడు ఎంచుకున్నది 15వ రకం నకలు. సుమారు 1420 నాటి నమూనా, మావయ్య కన్నా అరవయ్యేళ్లు పెద్దది. మొద్దు అంచు, 1,200 గ్రాములు. మావారు దాన్ని ఇనప చేతికి తీగతో గట్టిగా బిగించారు, మొన నేలకి ఆనేలా.

మామూలు ఉక్కు కదా, చేతి చెమట తగిలినా తుప్పు పడుతుంది. అందుకని నెలకోసారి నా కుట్టుమిషను నూనె తీసుకెళ్లి వాడే తుడుస్తాడు. కారు తాళాలు మాత్రం ఎడంచేతికి మారాయి.