తెర వెనుక చేతులు: తోలుబొమ్మ నుంచి డిజిటల్ అవతారం దాకా

కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మ మాట్లాడుతోంది. మీరు కన్ను మూస్తే అదీ మూస్తుంది, మీరు తల వంచితే అదీ వంచుతుంది. చూస్తున్నవారికి మీ ముఖం మాత్రం కనిపించదు. ప్రత్యక్ష ప్రసారాల్లో తమ ముఖానికి బదులు ఇలాంటి బొమ్మను నిలిపేవారు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నారు. ఈ బొమ్మను 'అవతార్' అంటున్నారు. దిగి రావడం అనే అర్థంలో మనం వాడే 'అవతారం' అన్న మాటే ఇది. 1986లో అమెరికాలోని లూకాస్‌ఫిల్మ్ సంస్థ రూపొందించిన 'హాబిటాట్' అనే కంప్యూటర్ ఆటలో, ఆటగాళ్ల తరఫున తెర మీద తిరిగే బొమ్మలకు ఈ పేరు పెట్టారు. మాట మన దగ్గర నుంచే వెళ్లింది. పని కూడా మనకు కొత్తది కాదు.

అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట గ్రామాన్ని తీసుకోండి. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. తోలుబొమ్మ ఎలా తయారవుతుందో గమనించండి. తోలును శుభ్రం చేసి, వెలుతురు దూసుకుపోయేంత పలుచగా చేస్తారు. కదలాల్సిన ప్రతిచోటా, అంటే మెడ, భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర, వేరు ముక్కలుగా కోసి దారపు ముడులతో కలుపుతారు. బొమ్మను నిలబెట్టడానికి నడుమ ఒక పుల్ల, చేతులు ఆడించడానికి వేరే పుల్లలు ఉంటాయి. ఆడించేవారే పాడతారు, పాత్రల మాటలు పలుకుతారు, కాలికింద చెక్కను తొక్కి యుద్ధపు చప్పుడు పుట్టిస్తారు.

ఆడించేవారు బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటారు. ఎందుకో ఆలోచించారా? దీపం ఒక బిందువు కాదు, దాని మంటకు వెడల్పు ఉంది. బొమ్మ తెరకు దూరమైతే మంటలోని ఒక్కో భాగం నీడ అంచును ఒక్కోచోట పడేస్తుంది. అంచు మసకబారుతుంది. తెరకు ఆనితే ఆ తేడా దాదాపు మాయమై రేఖలు స్పష్టపడతాయి. మీ పాఠ్యపుస్తకంలో ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ అని చదివింది ఇదే.

ఇక ఖరగ్‌పూర్ వెళ్దాం. 19వ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే తీర్చిదిద్దిన ఈ జంక్షన్‌కు పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. ఆ రైల్వే పట్టణపు తెలుగు విద్యార్థులకు బొమ్మలాట పాఠం వేరే చోట వెతకనక్కరలేదు. అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో పింగ్లా దగ్గర నయా గ్రామం ఉంది. అక్కడి పటచిత్ర కళాకారులు పొడవాటి పటం చుట్టను విప్పుతూ, ఒక్కో బొమ్మనూ వేలితో చూపుతూ కథ పాడతారు. బొమ్మ కదలదు, గొంతే దాన్ని కదిలిస్తుంది. పక్కనున్న పూర్వ మేదినీపూర్ జిల్లాలో 'బేనీ పుతుల్' అనే చేతితొడుగు బొమ్మలున్నాయి. అక్కడ పుల్ల కూడా లేదు. చెయ్యి నేరుగా బొమ్మలోకే దూరుతుంది.

కంప్యూటర్ బొమ్మలాట ఈ రెండో దారినే పట్టింది. 1988లో అమెరికా బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ బృందం, పసిఫిక్ డేటా ఇమేజెస్ సంస్థతో కలిసి 'వాల్డో' అనే కంప్యూటర్ బొమ్మను చేసింది. కళాకారుడు ఒక పరికరాన్ని చేత్తో ఆడిస్తే, తెర మీద బొమ్మ అప్పటికప్పుడు కదిలేది. ఆనాటి కంప్యూటర్ల శక్తి చాలక, ఆ క్షణంలో కనిపించేది మోటు బొమ్మే. నునుపైన రూపాన్ని తరువాత తీరిగ్గా గణించి, 1989లో టెలివిజన్‌లో చూపారు.

చెయ్యి స్థానంలోకి ముఖం రావడానికి, కెమెరా చిత్రంలో ముఖాన్ని వెదికి పట్టే గణిత పద్ధతులు కావలసి వచ్చాయి. 2001లో వయోలా, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు చూపిన వేగవంతమైన పద్ధతి ఇందులో పెద్ద మలుపు. 2014లో 'ఫేస్‌రిగ్' అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక, మామూలు వెబ్‌క్యామ్ ఉన్నవారికి కూడా ఇది అందింది.

దీని లోపలి పని మీరు లెక్కకట్టగలిగినదే. కనురెప్పల మధ్య ఎడం 9 పిక్సెళ్లు, కన్ను వెడల్పు 30 పిక్సెళ్లు అనుకోండి. నిష్పత్తి 0.3. మీరు కెమెరాకు దగ్గరగా జరిగితే ఎడం 18, వెడల్పు 60 కావచ్చు. నిష్పత్తి మాత్రం అదే 0.3. అందుకే పొడవును కాక నిష్పత్తిని తీసుకుంటారు. బొమ్మ వైపు 'లైవ్ 2డీ' వంటి సాఫ్ట్‌వేర్‌లో ముందు జుట్టు, వెనుక జుట్టు, కనుబొమ, కనుపాప, నోరు విడివిడి పొరలుగా గీస్తారు. కన్ను తెరిచిన రూపానికి 1, మూసిన రూపానికి 0 అని నిర్ణయిస్తే, మధ్య రూపాలను కంప్యూటర్ గణిస్తుంది. తోలుబొమ్మ ముక్కలు, ముడులు మీకు గుర్తొస్తున్నాయి కదా!

కెమెరా కొలతలు వణుకుతుంటాయి. ఆ వణుకు తగ్గించడానికి వరుసగా ఐదు ఫ్రేముల సగటు తీశారనుకోండి. సెకనుకు 30 ఫ్రేములైతే బొమ్మ మీకంటే రెండు ఫ్రేములు, అంటే సుమారు 67 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. నునుపు పెంచితే జాప్యం పెరుగుతుంది. రెండూ ఒకేసారి దక్కవు.

సాంకేతికం ఇంతే. నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది బొమ్మ ఎవరిది అన్న ప్రశ్న. తోలుబొమ్మలాటలో బొమ్మను కోసినవారు, ఆడించేవారు, గొంతు ఇచ్చేవారు తరచు ఒకే కుటుంబం. జపాన్‌లో 2016 చివర వచ్చిన 'కిజునా ఐ' కథ వేరు. 'వర్చువల్ యూట్యూబర్' అన్న పేరు ఆ బొమ్మతోనే ప్రచారంలోకి వచ్చింది. 2019లో నిర్వాహకులు అదే బొమ్మకు మరికొన్ని గొంతులు జోడించారు. బొమ్మ రూపం మారలేదు, అయినా ప్రేక్షకులు నొచ్చుకున్నారు. తాము ఇష్టపడింది తెర వెనుక ఉన్న ఒక మనిషినని వారికి అప్పుడు తెలిసివచ్చింది. 2020లో గాని తొలి గొంతు కసుగా నొజోమిదని అధికారికంగా ప్రకటించలేదు. బొమ్మ సంస్థది, ప్రాణం నటిది. ఇలాంటి ఏర్పాటులో మనిషి పేరు చివరిదాకా మరుగున ఉండిపోవచ్చు. నిమ్మలకుంట వారి కష్టం ఇంకో రకం. టెలివిజన్ సంస్థ పుస్తకంలోనే ఈ మాట రాయక తప్పదు: సినిమా, టెలివిజన్ వచ్చాక వారి తెర ముందు జనం పలుచబడ్డారు. నేడు అదే తోలుతో దీపపు గొడుగులు చేసి అమ్ముతున్నారు. చేతులు అవే, కథ చెప్పే పని తగ్గింది.

మీరు సొంత అవతారం చేసుకోదలిస్తే బొమ్మను మీరే గీయండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు, అది మీదవుతుంది. పొరలు విడివిడిగా ఉంచండి. నోటి దగ్గర ఎక్కువ సమయం వెచ్చించండి. జపాన్‌లో పుట్టిన 'వీఆర్‌ఎం' పద్ధతిలో నోటికి ఆ, ఈ, ఊ, ఏ, ఓ అనే ఐదు ఆకారాలు ఉంటాయి. తెలుగుకు అవి చాలావరకు సరిపోతాయి. అయితే ప, బ, మ పలికేటప్పుడు పెదవులు పూర్తిగా మూసుకోవాలి. కెమెరా ముందు 'అమ్మ' అనండి. నోరు తెరుచుకుని, ద్విత్వం దగ్గర కాస్త ఆగి మూసుకుని, మళ్లీ తెరుచుకోవాలి. మూసుకోకపోతే మీరు సగటు ఎక్కువ తీస్తున్నారన్నమాట.

ఖరగ్‌పూర్ విద్యార్థులకు ఇంకో పరీక్ష కూడా వీలవుతుంది. ఇంట్లో మీరు 'కమల' అంటారు. పక్కింటి బెంగాలీ నేస్తం అదే పేరును 'కొమొలా' అన్నట్టు పలుకుతుంది, పెదవులు గుండ్రమవుతాయి. ఇద్దరూ ఒకే బొమ్మతో ఆ పేరు పలికి, నోటి వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని ఫ్రేము ఫ్రేముకూ రాసుకోండి. రెండు గీతలనూ ఒకే గ్రాఫు కాగితం మీద గీసి, అవి ఏ అక్షరం దగ్గర విడిపోతున్నాయో గుర్తించండి.