శ్రీధరుని సూత్రం, భాస్కరుని రెండు లెక్కలు: వర్గసమీకరణ సాధనలో చివరి సోపానం

ఉపోద్ఘాతం:
పదవ తరగతి విద్యార్థులు నేర్చే ‘వర్గాన్ని పూర్తిచేయడం’ అనే పద్ధతికి భారతీయ గణితంలో సుదీర్ఘ చరిత్ర ఉంది. శ్రీధరాచార్యుని బీజగణిత గ్రంథం నేడు అలభ్యం. అయితే భాస్కరాచార్యుడు (జననం 1114) తన ‘బీజగణితం’లో ఆయన సూత్రాన్ని ఉదాహరించడం వల్ల అది మనకు దక్కింది.

సూత్రం:
ఇరుపక్షాలనూ వర్గపద గుణకానికి నాలుగు రెట్లతో గుణించాలి. తరువాత అవ్యక్తం యొక్క తొలి గుణకపు వర్గాన్ని రెండింటికీ కలపాలి. అప్పుడు అవ్యక్తమున్న పక్షం పూర్ణవర్గమవుతుంది. నేటి తరగతిగదిలో మొదట వర్గపద గుణకంతో భాగిస్తారు కనుక భిన్నాలు తలెత్తుతాయి. గుణకాలు పూర్ణాంకాలైతే, శ్రీధరుని మార్గంలో వర్గమూలం తీసేవరకు భిన్నాల ప్రసక్తి ఉండదు.

మొదటి లెక్క:
ఒక కోతుల గుంపులో ఎనిమిదో వంతు యొక్క వర్గమంత సంఖ్య అడవిలో ఆడుతోంది. మిగిలిన 12 కొండపై ఉన్నాయి. మొత్తం ఎన్ని? అవ్యక్తానికి భాస్కరుడు వాడిన ‘యా’ (యావత్తావత్) సంకేతాన్నే ఇక్కడ గ్రహిద్దాం.

యా²/64 + 12 = యా
యా² − 64యా = −768
4తో గుణించి, 64² కలపగా:
4యా² − 256యా + 4096 = 1024
(2యా − 64)² = 32²
2యా − 64 = ±32
యా = 48 లేదా 16

48లో ఎనిమిదో వంతు 6; 36 + 12 = 48. 16లో ఎనిమిదో వంతు 2; 4 + 12 = 16. రెండూ సమ్మతాలే.

రెండవ లెక్క:
గుంపులో అయిదో వంతు నుండి 3 తీసివేసి, వర్గం చేయగా వచ్చినన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒకటి కొమ్మపై కనిపించింది.

(యా/5 − 3)² + 1 = యా
యా² − 55యా = −250
(2యా − 55)² = 3025 − 1000 = 45²
యా = 50 లేదా 5

5 కూడా సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది. అయినా భాస్కరుడు దానిని గ్రహించలేదు. 5లో అయిదో వంతు 1. అందులోనుండి 3 తీసివేస్తే −2. ఋణసంఖ్యలో కోతులుండటం లోకానికి సమ్మతం కాదని ఆయన వాదం.

ఉపసంహారం:
‘ఋణమూలాన్ని విడిచిపెట్టాలి’ అన్న కంఠస్థ వాక్యం ఈ రెండవ లెక్కలో అక్కరకు రాదు. ఇక్కడ విడిచిన మూలం ధనాత్మకమే. దోషం మధ్య సోపానంలో దాగి ఉంది. కాబట్టి వచ్చిన ప్రతి మూలాన్నీ సమీకరణంలోనే కాక, లెక్కలోని మాటల్లో కూడా ప్రతిక్షేపించి చూడటం సాధనలో అనివార్య సోపానం. మార్కుల కోసం సోపానాలు రాయించే నేటి బోధనలో తరచుగా జారిపోయేది ఇదే.