బజారులో నీడ ఎవరిది?



బజారుకు బయలుదేరేముందు మనం సంచీ చూసుకుంటాం, చిల్లర చూసుకుంటాం, ఆపైన ఎండ చూసుకుంటాం. "కాస్త చల్లబడ్డాక వెళదాంలే" అని ఎన్నిసార్లు అనుకోమూ! బజారే నీడగా ఉంటే వేళతో అంత పని ఉండదు కదా. అంగళ్ళు కట్టించిన వెనకటివారు ఈ నీడ గురించి ఏం ఆలోచించారో ఈవేళ ముచ్చటించుకుందాం.

ఎండ తగిలితే ఆకుకూర వాడుతుంది, బట్ట రంగు వెలుస్తుంది. అందుకని అంగడివాడు తన సరుకు కోసం ముందు ఒక పందిరి వేసుకుంటాడు. దానికింద నిలుచున్నంతసేపూ మనకూ నీడే. కాని పక్క అంగడికి వెళ్ళాలంటే మళ్ళీ ఎండలో పడవలసిందే. ఈ అంగడి నీడనూ ఆ అంగడి నీడనూ కలిపి ఒకే దారిగా చేయడంలోనే ఉంది తెలివంతా.

హంపీ వెళ్ళినవారు విరూపాక్షస్వామి గుడి ఎదుటి బజారు చూసే ఉంటారు. దాదాపు ముప్పాతిక కిలోమీటరు పొడవున, వీధికి రెండు పక్కలా రాతిస్తంభాల మండపాలు బారులు తీరి ఉంటాయి.

ఈ నీడను చట్టంగా మార్చిన ఊరు సింగపూరు. 1822లో ఆ పట్నానికి నమూనా వేసేటప్పుడు స్టాంఫర్డ్ రాఫిల్స్ అనే దొర ఒక నియమం పెట్టాడు. ప్రతి ఇంటికీ వీధివైపు వరండా ఉండాలి. వరండాలన్నీ కలిసి, ఎప్పుడూ తెరిచి ఉండే కప్పుదారి కావాలి అని. దానికే తరవాత "అయిదడుగుల దారి" అని పేరొచ్చింది. ఎండకూ వానకూ అదే గొడుగు. స్థలం ఇంటివాడిది, నడిచే హక్కు మాత్రం అందరిదీ! ఎంత మంచి ఏర్పాటో చూడండి.

అయితే ఆ హక్కు నిలబెట్టుకోవడం అంత సులువు కాలేదు. వరండాల్లో సరుకులు పరిచారు, బుట్టలు పెట్టారు. 1888 ఫిబ్రవరిలో మునిసిపాలిటీవారు ఖాళీ చేయించబోతే, అంగళ్ళు మూసేసి జనం తిరగబడ్డారు. వాటిని "వరండా అల్లర్లు" అంటారు. అందరినీ తప్పుపట్టలేం సుమండీ. చిన్న బేరగాడి పొట్టకూడూ ఆ నీడలోనే ఉంది, నడిచేవారి సుఖమూ ఆ నీడలోనే ఉంది.

మన హైదరాబాదుకే వద్దాం. 1908లో మూసీ వరద వచ్చి ఊరు అతలాకుతలమైన తరవాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. చార్మినారుకు ఉత్తరాన రాతి కమానుల వరసతో పత్తర్‌గట్టీ అంగళ్ళు ఆ మండలి కట్టించినవే. 1935లో మొజంజాహీ మార్కెట్టు వచ్చింది. ఢిల్లీలో తెల్లని స్తంభాల వసారాలతో కన్నాట్ ప్లేసు 1933 నాటికి పూర్తయింది.

నీడలోనూ మెళకువ ఉంది. నడినెత్తి ఎండకు చూరు చాలు. పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా ఏటవాలుగా చూరు కిందినుంచి దూరతాయి కాబట్టి, తూర్పు పడమరలకు తడికలో తెరలో నిలువుగా కట్టాలి. రేకు కాగి కిందికి సెగ కొడుతుంది. పైన వేడిగాలి పోయే సందు ఉండాలి. చీరలకొట్టు ముందు ఎర్ర గుడ్డ కడితే ప్రతి చీరా ఎర్రగానే కనిపిస్తుంది. మనం చీరను వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసేది ఊరికేనా?

1956లో అమెరికాలోని మినెసోటాలో, విక్టర్ గ్రూయెన్ గీసిన నమూనాతో సౌత్‌డేల్ అనే బజారు తెరిచారు. బజారు మొత్తాన్ని ఒకే కప్పు కిందికి తెచ్చి, లోపల చల్లబరిచారు. ఇప్పటి మన మాల్స్ అన్నీ ఆ బాటలోవే. సుఖమే, కాదనను. కాని ఆ చల్లదనం తలుపు లోపలే ఉంటుంది. బయట పూలమ్మే ఆవిడకూ, బస్సుకోసం నిలుచున్న ముసలమ్మకూ దక్కదు. పాత వసారా అయితే ఏమీ కొననివారికి కూడా నీడ ఇచ్చేది.

అందుకని మీ పేటలో కొత్త అంగళ్ళ సముదాయం కడుతుంటే, వసారా ఉందా, దాన్ని షట్టరు దించి కొట్టులో కలిపేసుకుంటున్నారా అని గమనించండి. నలుగురూ కలిసి అడగండి. నీడ అంగడివాడి దయ కాదు, నడిచేవారి హక్కు. రెండువందల ఏళ్ళ కిందటే ఒక ఊరు ఆ మాట చట్టంలో రాసుకుంది.

సెలవు.