దూరపు డిస్కు, ఆగని ప్రోగ్రాము

ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలోనూ దాని చుట్టుపక్కల పేటల్లోనూ ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలావాటి మూలం బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులే. ఆ ఇళ్లవాళ్లు సొంతూరి ప్రయాణానికి ఖరగ్‌పూర్ స్టేషన్లో బెర్తు అడిగితే, బెర్తుల వివరం అక్కడి యంత్రంలో ఉండదు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ రిజర్వేషన్ కేంద్రాలను 1999 నాటికి కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఒకే నెట్‌వర్క్‌లోకి తెచ్చింది. దక్షిణ మధ్య రైల్వే బండి వివరం సికింద్రాబాద్ నుంచి వచ్చేదాకా సర్వరు ఆ ఒక్క ప్రయాణికుడి కోసమే ఆగితే తక్కిన కౌంటర్లన్నీ నిలిచిపోతాయి. సి భాషలో నెట్‌వర్క్ బ్లాక్ డివైస్ (ఎన్‌బీడీ) అనే దూరపు డిస్కు నుంచి డేటా చదివే ప్రోగ్రామర్‌ ముందున్న చిక్కూ ఇదే. దానికి అసలు పరిష్కారం వేగం కాదు, థ్రెడ్ల సంఖ్యా కాదు. ప్రతి విన్నపానికీ ఒక గుర్తు నంబరు ఇవ్వడం. ఈ సాంకేతికత నడిచి వచ్చిన దారే అందుకు సాక్ష్యం.

అడిగి ఆగకపోవడం కొత్త ఆలోచనేమీ కాదు. 1958 నాటి ఐబీఎం 709లో డేటా చానళ్లు టేపుల పని చూస్తుంటే ప్రాసెసర్ లెక్కలు చేసుకునేది. 1977లో డిజిటల్ కంపెనీ ప్రకటించిన వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో క్యూఐఓ పిలుపు విన్నపాన్ని వరుసలో పెట్టి వెంటనే తిరిగి వచ్చేది. యూనిక్స్ మాత్రం సరళతను ఎంచుకుంది: రీడ్ అంటే డేటా చేతికొచ్చేదాకా ఆగడమే. డిస్కు పక్కనే ఉన్న రోజుల్లో అది పెద్ద లోటుగా కనిపించలేదు. అందుకే సెలెక్ట్, పోల్ పిలుపులు డిస్కు మీది ఫైలు ఎప్పుడూ సిద్ధమేనని చెబుతాయి; నాన్‌బ్లాక్ జెండా పెట్టినా దానిమీద ఫలితం ఉండదు.

ఆ నమ్మకం ఎంత బలహీనమో దూరపు డిస్కు బయటపెట్టింది. 1997లో పావెల్ మాఖెక్ లైనక్స్ కోసం రాసిన ఎన్‌బీడీతో వేరే యంత్రంలోని డిస్కు సొంత డిస్కులా కనిపించసాగింది. అందులో విన్నపం శీర్షిక 28 బైట్లు. చదవాల్సిన చోటు, పొడవులతో పాటు 64 బిట్ల గుర్తు కూడా వెళ్తుంది. సర్వరు అదే గుర్తును జవాబుతో తిప్పి పంపుతుంది గనక జవాబులు ఏ వరుసలో వచ్చినా ఇబ్బంది లేదు. ప్రోటోకాల్ ఇంత ఉదారంగా ఉన్నా, మామూలు రీడ్ వాడే ప్రోగ్రాము ఆగుతూనే ఉండేది. 2.6 కెర్నెల్‌తో వచ్చిన ఆగకుండా చదివే లైనక్స్ ఏఐఓ ప్రధానంగా డైరెక్ట్ పద్ధతిలో తెరిచిన ఫైళ్లకే అక్కరకొచ్చింది. 2019లో రెండు దారులు తెరుచుకున్నాయి: యెన్స్ ఆక్స్‌బో రూపొందించిన కెర్నెల్ సౌకర్యం ఐఓ యూరింగ్, ఎన్‌బీడీ సర్వరుతో నేరుగా మాట్లాడే లైబ్రరీ లిబ్‌ఎన్‌బీడీ. రెండూ చివరికి ప్రోగ్రామర్ చేతికిచ్చేది విన్నపాన్ని గుర్తుపట్టే 64 బిట్ల సంఖ్యనే.

ఒక్కో రీడ్‌కు ఒక్కో థ్రెడ్ పెడితే సరిపోదా అంటారు. కొద్దిపాటి విన్నపాలకు సరిపోతుంది, కోడూ తేలిక. కానీ వందల విన్నపాలకు వందల స్టాకులు కావాలి. పైగా అవన్నీ ఒకే కనెక్షన్‌ను పంచుకుంటే ఏ జవాబు ఎవరిదో తేల్చడానికి మళ్లీ గుర్తే కావాలి. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: జవాబు రాకముందే ఫంక్షన్ ముగిసి బఫర్ పోతే, డేటా ఎవరి మెమరీలోనో పడుతుంది, సి మనల్ని హెచ్చరించదు. దీనికి మందు, గుర్తు వారీగా పట్టిక ఉంచి, జవాబు అందేదాకా బఫర్‌ను ఆ పట్టిక సొంతం చేయడం. కనెక్షన్ తెగితే ఏ రీడ్‌లు మళ్లీ పంపాలో చెప్పేదీ ఆ పట్టికే.

అందుకే ఒకటీ అరా రీడ్‌లకు మామూలు పిలుపే వాడండి, అందులో తప్పులేదు. విన్నపాలు పెరుగుతాయనిపిస్తే మాత్రం లైబ్రరీ ఎంచుకునే ముందే గుర్తుల పట్టికను కాగితం మీద గీసుకోండి. అది సరిగా ఉంటే తక్కిన కోడు దాని వెంటే కుదురుకుంటుంది.