మహమ్మారి కాలంలో న్యాయ కళాశాలల గ్రంథాలయాలు: కడప జిల్లా నేపథ్యం

కోవిడ్-19 వ్యాప్తి వల్ల ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చి 19 నుంచి విద్యాసంస్థలు మూతపడ్డాయి. వాటితోపాటే న్యాయ కళాశాలల గ్రంథాలయాలకూ తాళాలు పడ్డాయి. పుస్తకం చేతికిచ్చే పని ఆగింది గాని తీర్పులు, ఉత్తర్వులు వెతికిపెట్టే పని పెరిగింది. లాక్‌డౌన్ నాటి నుంచి 2022 ఆరంభం దాకా ఈ గ్రంథాలయాల సేవ అలమారల నుంచి ఫోన్లకు, ఈమెయిళ్లకు మళ్లింది. చందా కట్టగల సంస్థలకు ఆ మార్పు తేలికగా అబ్బింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాల్లో ఉండి చదువుకునేవారికి అంత తేలికగా అందలేదు.

అంతకుముందు ఉన్న ఏర్పాటు

కడప జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆంధ్ర హైకోర్టు 1954 జులై 5న గుంటూరులో మొదలై, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుగా హైదరాబాదుకు మారింది. 2019 నుంచి అమరావతిలో నడుస్తోంది. 1954 జులైకి ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు ఇక్కడ కట్టుబడి ఉండాలని సుబ్బారాయుడు కేసులో ఆంధ్ర హైకోర్టు ఫుల్ బెంచి 1955లో తేల్చింది. అందుకే ఈ ప్రాంతపు న్యాయ గ్రంథాలయంలో పాత సంపుటాలు అలంకారానికి ఉండవు. 1891లో మొదలైన మద్రాస్ లా జర్నల్, 1914 నుంచి వస్తున్న ఆల్ ఇండియా రిపోర్టర్, ఆంధ్ర లా టైమ్స్, ఆంధ్ర లీగల్ డెసిషన్స్ వంటివి పక్కపక్కన ఉంటేనే ఒక భూతగాదా మీద వచ్చిన తీర్పుల వరసంతా దొరుకుతుంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నిబంధనలు లైబ్రరీకి కనీస ప్రమాణాలు పెట్టాయి. ముఖ్యమైన జర్నళ్లు కనీసం పదేళ్ల పాత సంపుటాలతో ఉండాలి. నమోదైన ఒక్కో విద్యార్థికి పది చొప్పున పాఠ్యపుస్తకాలు ఉండాలి. మూడేళ్లు, ఐదేళ్ల కోర్సుల్లో ఒక్కటే నడిపే కళాశాల ఏటా కనీసం 50 వేల రూపాయలు, రెండూ నడిపేది లక్ష రూపాయలు లైబ్రరీ మీద ఖర్చు పెట్టాలి. ఈ ప్రమాణాలన్నీ అచ్చు పుస్తకాన్ని, చదువుకునే గదిని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

జిల్లాలో న్యాయవిద్యకు కేంద్రం కడప నగరం. శ్రీమతి బసవరామతారకం స్మారక న్యాయ కళాశాల అక్కడే ఉంది. ప్రొద్దుటూరు నుంచి కడపకు సుమారు 55 కిలోమీటర్లు. జమ్మలమడుగు, పులివెందుల అంతకన్నా దూరం. ఈ మూడు ఊళ్లలోనూ కోర్టులున్నాయి, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలున్నాయి. అయితే 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నుతో కలిపి వసూలయ్యే సెస్సుతో నడిచే ఈ శాఖలు సాధారణ పాఠకుల కోసం ఏర్పడినవి. దినపత్రికలు, నవలలు, పోటీ పరీక్షల పుస్తకాలు అక్కడ దొరుకుతాయి. లా రిపోర్టులు కావాలంటే కళాశాలకో, న్యాయవాదుల సంఘానికో, సీనియర్ వకీలు ఆఫీసుకో వెళ్లాల్సిందే.

మూతపడిన నెలలు

రాష్ట్ర ప్రభుత్వం 2020 మార్చి 13న అంటువ్యాధుల చట్టం కింద నిబంధనలు తెచ్చింది. బొంబాయి ప్లేగు నాటి ఆ చట్టం 1897 నాటిది. మార్చి 25 నుంచి విపత్తు నిర్వహణ చట్టం, 2005 కింద దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. కడప జిల్లాలో తొలి కేసులు ఏప్రిల్ 1న బయటపడ్డాయి. ప్రొద్దుటూరులో కొన్ని వీధులను కంటైన్మెంట్ జోన్లుగా ప్రకటించి రాకపోకలు ఆపేశారు.

లైబ్రరీ తలుపులు మూసిన ఆ రోజుల్లోనే చట్టం వేగంగా మారింది. కేసు వేసేందుకు ఉన్న కాలపరిమితిని పొడిగిస్తూ సుప్రీంకోర్టు తనంత తానుగా 2020 మార్చి 23న ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని సవరిస్తూ, పొడిగిస్తూ 2021లోనూ ఉత్తర్వులు వచ్చాయి. చివరికి 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయాలని 2022 జనవరి 10న తేల్చింది. వీడియో విచారణలకు 2020 ఏప్రిల్ 6న మార్గదర్శకాలు ఇచ్చింది. వీటికి తోడు హోంశాఖ ఉత్తర్వులు, రాష్ట్ర జీవోలు వరుసగా వచ్చాయి. ఏ ఉత్తర్వు అమల్లో ఉంది, దేన్ని ఏది రద్దు చేసింది అన్నది చెప్పగల పుస్తకమేదీ అప్పటికి అచ్చు కాలేదు. తేదీలవారీగా ఉత్తర్వులు పోగుచేసి పంపడం లైబ్రేరియన్ల కొత్త పనుల్లో ఒకటైంది.

సేవలు మారిన తీరు

ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర వంటి చందా డేటాబేసులను చాలా సంస్థలు క్యాంపస్ ఐపీ చిరునామా ఆధారంగా వాడుకునేవి. కళాశాల కంప్యూటరు ముందు కూర్చుంటే తెరుచుకునే పేజీ ఇంట్లో ఫోన్‌లో తెరుచుకోదు. కాబట్టి లాక్‌డౌన్‌లో సిబ్బంది ముందు చేయాల్సి వచ్చిన పని ఒక్కో విద్యార్థికి లాగిన్ ఏర్పాటు చేయించడం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఇన్‌ఫెడ్ వ్యవస్థ ఇందుకు ఒక దారి చూపింది: సంస్థ తన విద్యార్థిని ధ్రువీకరిస్తే, ఆ ధ్రువీకరణనే డేటాబేసు ఒప్పుకుంటుంది.

హైదరాబాదులోని నల్సార్ (1998), విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం (2008) వంటి సంస్థల తీరు వేరు; వాటికి చందాలకు నిధులు, సాంకేతిక సిబ్బంది ఉంటాయి. చిన్న కళాశాలలో లైబ్రేరియన్ తరచు ఒక్కరే. అలాంటి చోట ఉచిత వనరులే దిక్కయ్యాయి. 2008లో మొదలైన ఇండియన్ కానూన్, కేంద్ర చట్టాలుండే ఇండియా కోడ్, కోర్టుల సొంత వెబ్‌సైట్లు, నేషనల్ డిజిటల్ లైబ్రరీ, పరిశోధనా గ్రంథాలుండే శోధ్‌గంగ ఇందులో ముఖ్యమైనవి. లింకులు, స్కాన్ చేసిన పేజీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నచోట, సిగ్నల్ సరిగా అందని పల్లెల్లో అవి కూడా ఆలస్యంగానే చేరేవి.

కాపీరైట్ ప్రశ్న

స్కాన్ చేసి పంపడంలో చట్టపరమైన హద్దు ఉంది. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ ప్రకారం కోర్టు తీర్పును ప్రచురించడం ఉల్లంఘన కాదు, కోర్టు నిషేధిస్తే తప్ప. అయితే ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరు 12న ఒక తేడా చూపింది: తీర్పు మూలపాఠం అందరిదీ; సంపాదకులు రాసిన హెడ్‌నోట్లు, వాళ్లు చేసిన పేరాల విభజన ప్రచురణకర్తవి. మహమ్మారి కాలంలో కొరత వచ్చింది ఈ రెండో దానికే. తీర్పు ఉచితంగా దొరికింది; వందల పేజీల్లో కావలసిన అంశం ఎక్కడుందో చూపే ఏర్పాటు చందాదారులకే మిగిలింది. ఆ లోటు తీర్చింది వెతకడం తెలిసిన లైబ్రేరియన్లు, అధ్యాపకులు.

ఇలాంటి వివాదం బయటి దేశాల్లోనూ సాగింది. అమెరికాలో హాతీట్రస్ట్ 2020 మార్చి 31న తన సభ్య గ్రంథాలయాలకు తాత్కాలిక డిజిటల్ సదుపాయం ఇచ్చింది; ఆ లైబ్రరీ దగ్గర అచ్చు ప్రతులు ఎన్ని ఉంటే అంతమందే ఒకేసారి చదవాలన్నది దాని నియమం. ఇంటర్నెట్ ఆర్కైవ్ అలాంటి పరిమితిని ఎత్తేసి మార్చి 24న అత్యవసర గ్రంథాలయం తెరిచింది. ప్రచురణకర్తలు జూన్ 1న దావా వేయగా, అదే నెలలో దాన్ని మూసేసింది.

సిబ్బంది

రాష్ట్ర ఆదాయం పడిపోవడంతో 2020 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాల వాయిదాకు జీవో ఇచ్చింది. సాధారణ ఉద్యోగులకు సగం, నాలుగో తరగతి ఉద్యోగులకు పదో వంతు జీతం నిలిచింది. దీనిమీద దినవాహి లక్ష్మీ కామేశ్వరి దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 8న వడ్డీని 6 శాతానికి తగ్గించింది గాని, జీతం, పింఛను ఉద్యోగి హక్కులన్న మాటను నిలబెట్టింది. ప్రైవేటు కళాశాలల సిబ్బందికి ఈ రక్షణ వర్తించలేదు. వారి జీతం ఫీజుల వసూళ్ల మీద, యాజమాన్యం మీద ఆధారపడింది.

తిరిగి తెరిచాక

న్యాయ కళాశాలల ప్రవేశపరీక్ష లాసెట్ 2020 అక్టోబరు 1న జరిగింది. రాష్ట్రంలో కళాశాలలు నవంబరు 2 నుంచి దశలవారీగా తెరుచుకున్నాయి. రీడింగ్ హాళ్లలో కుర్చీలు దూరం జరిగాయి, వాపసు వచ్చిన పుస్తకాలను విడిగా ఉంచే పద్ధతి వచ్చింది. అమెరికాలో రీల్మ్ ప్రాజెక్టు 2020 జూన్‌లో చేసిన తొలి పరీక్షలో, విడివిడిగా ఉంచిన లైబ్రరీ సామగ్రి మీద మూడు రోజుల తర్వాత వైరస్ కనబడలేదు. చాలా గ్రంథాలయాలు 72 గంటల గడువు పెట్టుకోవడానికి ఇలాంటి ఫలితాలే ఆధారం. ఒకదానిమీద ఒకటి పేర్చిన పుస్తకాల మీద వైరస్ ఇంకా ఎక్కువ కాలం ఉంటుందని తర్వాతి పరీక్ష చూపింది. వైరస్ ప్రధానంగా గాలి ద్వారా వ్యాపిస్తుందని స్పష్టమయ్యాక ఈ పద్ధతి క్రమంగా పోయింది. రెండో విడత వ్యాప్తి వల్ల 2021 మే 5 నుంచి రాష్ట్రంలో కర్ఫ్యూ రావడంతో సేవలు మళ్లీ దూరం నుంచే సాగాయి.

తర్వాతి పరిణామాలు

అందుబాటు ఒకే దిక్కున పెరగలేదు. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోలను పబ్లిక్ వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. 2024 ఆగస్టులో కొత్త ప్రభుత్వం దాన్ని పునరుద్ధరించింది. మరోవైపు సుప్రీంకోర్టు 2023 జనవరి 2న ఈ-ఎస్‌సీఆర్ పేరిట తన అధికారిక రిపోర్టులను, సుమారు 34 వేల తీర్పులతో, ఉచితంగా తెరిచింది. అధికారిక రిపోర్టు కావడంతో అందులో హెడ్‌నోట్లూ ఉన్నాయి. లాక్‌డౌన్‌లో చందా లేనివారికి దొరకని సరుకులో కొంత ఇలా పులివెందుల కోర్టు ఆవరణలో ఉన్న జూనియర్ న్యాయవాది ఫోన్‌లోకీ వచ్చింది. హైకోర్టుల పాత తీర్పులకు, వ్యాఖ్యాన గ్రంథాలకు మాత్రం అలమారా, చందా, వాటి మధ్య దారి తెలిసిన లైబ్రేరియన్ ఇప్పటికీ అవసరమే.